నిమ్మ చిగురుకు కాపలా

గూడూరు, పొదలకూరు, సైదాపురం, రాపూరు, వెంకటగిరి, బాలాయపల్లి వైపు నిమ్మ రైతులకు, తోటల్లో కాయ కోసే అక్కలకు, మండీల్లో కాయ ఏరే తమ్ముళ్లకు చెబుతున్న మాటలివి.

ఈ పూట నిమ్మ గజ్జి గురించి మాట్లాడుకుందాం. గజ్జికి ఏ మందు కొట్టాలో మీరు చాలాసార్లు విని ఉంటారు. అందుకే మందు పేరుతో మొదలుపెట్టను. ఆ గజ్జి ఎట్లా పుడుతుంది? చెట్టు లోపల ఏం జరుగుతుంది? ముందు అది చెబుతాను. అది తెలిస్తే మందు ఎప్పుడు కొట్టాలో మీకే తెలుస్తుంది. ఎప్పుడు కొడితే దండగో కూడా తెలుస్తుంది.

ఒక్క మాట మాత్రం మొదట్లోనే చెప్పేస్తాను. మిగతాదంతా మరిచిపోయినా ఇది గుర్తుంచుకోండి. గజ్జి నుంచి కాపాడుకోవాల్సింది లేత చిగురును, లేత పిందెను. గజ్జి కనపడ్డాక కొట్టిన మందు ఆ గజ్జిని మాన్పదు. చిగురు దశలో కొట్టిన మందే పనిచేస్తుంది. ఎందుకో ఇప్పుడు చూద్దాం.

మండీలో ఏం జరుగుతుందో మీకు తెలిసిందే. గోతం విప్పి కాయ గుమ్మరిస్తారు. నున్నటి కాయ ఒక పక్కకు పోతుంది. మచ్చ కాయ ఇంకో పక్కకు పోతుంది. రసంలో తేడా లేదు. పులుపులో తేడా లేదు. గజ్జి తొక్క దాటి లోపలికి పోదు. అయినా బస్తా ధరలో తేడా పడుతుంది. 2022 వేసవిలో నిమ్మకాయ ధర గురించి దేశమంతా మాట్లాడుకున్నారు. అట్లాంటి ఏడాదిలో కూడా మచ్చ కాయకు నున్నటి కాయ ధర రాదు. ఏడాదంతా నీళ్లు పెట్టి, ఎరువు వేసి, ముళ్లలో చేతులు గీరుకుని కోసిన కాయకు తొక్క మీద నాలుగు మచ్చలు ధర తగ్గించేస్తాయి. ఆ నష్టం చూసే నేను ఈ విషయం ఎంచుకున్నాను.

మీ తోటలో ఒక కొమ్మ వంచి లేత ఆకులు తిరగేసి చూడండి. గజ్జి మొదట ఆకు అడుగున కనిపిస్తుంది. సూది మొనంత మచ్చ. నూనె చుక్క పడ్డట్టు తడితడిగా ఉంటుంది. ఆకును ఎండకు ఎత్తి పట్టుకుంటే ఆ చుక్కలోంచి వెలుతురు దూరుతుంది. కొన్నాళ్లకు అది ఉబ్బుతుంది. ఆకుకు రెండు వైపులా లేస్తుంది. వేలితో తడిమితే గరుగ్గా తగులుతుంది. చుట్టూ పసుపు వలయం కడుతుంది. తర్వాత బొడిపె నడిమికి పగిలి, చిన్న గుంట పడి, బెరడు ముక్కలా గట్టిపడుతుంది. కాయ మీద, లేత రెమ్మ మీద, ముల్లు మీద కూడా ఇదే వరస.

ఇప్పుడు ఒక ప్రశ్న. ఆ ఉబ్బింది ఏమిటి? గజ్జి అంటే పైనుంచి వచ్చి అతుక్కున్న పదార్థం అనుకుంటాం. తోమితే పోతుందనిపిస్తుంది. కానీ ఆ బొడిపె నిమ్మచెట్టు ఒంటిలోదే. చెట్టు సొంత కణాలే ఉబ్బి, ఎక్కువై, తోలు పగలగొట్టుకుని బయటికి వచ్చాయి. వాటిని అట్లా ఉబ్బించింది ఒక బాక్టీరియా. దాని పేరు జాంథోమొనాస్ సిట్రి. మిల్లీమీటరులో వెయ్యో వంతు కంటే కాస్త పొడవుంటుంది. కంటికి కనపడదు. అంత చిన్న ప్రాణి అంత పెద్ద చెట్టు కణాలను ఎట్లా ఉబ్బించగలిగింది? గజ్జి మర్మమంతా ఇక్కడే ఉంది.

మనది చెరువుల సీమ. తూము సంగతి మీకు తెలుసు. చెరువు కింద తూముకు తలుపు ఉంటుంది. తలుపుకు తాళం ఉంటుంది. ఏ తూము ఎప్పుడు ఎత్తాలో, ఎంతసేపు ఎత్తాలో లస్కరుకు తెలుసు. తాళంచెవి ఆయన దగ్గరే ఉంటుంది. అర్ధరాత్రి ఎవడో దొంగతాళంచెవితో వచ్చి తూము ఎత్తేశాడనుకోండి. చెరువు మీదే. నీళ్లు మీవే. మడి మీదే. అయినా పైరు మునిగిపోతుంది. దొంగ ఒక్క చుక్క నీరు కూడా తేలేదు. తలుపు మాత్రమే తీశాడు.

నిమ్మకణంలో జరిగేది అచ్చం ఇదే. ప్రతి కణంలోనూ వేల జన్యువులు ఉంటాయి. బత్తాయి జాతి జన్యుపటాన్ని 2013లో చైనా శాస్త్రవేత్తలు ప్రకటించారు. అందులో 29 వేలకు పైగా జన్యువులు లెక్క తేలాయి. నిమ్మ దాని చుట్టమే. ఆ జన్యువులన్నీ ఒకేసారి పనిచేయవు. ఆకులో కొన్ని తెరిచి ఉంటాయి, కొన్ని మూసి ఉంటాయి. వేరులో వేరేవి తెరుచుకుంటాయి. ప్రతి జన్యువుకు ముందు కొంత డీఎన్ఏ ఉంటుంది. అదే ఆ జన్యువుకు తాళం.

వాటిలో ఒక జన్యువు పేరు లాబ్ వన్. కణాలు పెరగడానికి, విభజన చెందడానికి సంబంధించినది. చెట్టు కొత్త అవయవం వేసే చోట, కొమ్మకూ ఆకుకూ హద్దు ఏర్పడే చోట ఇట్లాంటి జన్యువులకు పని. విప్పారిన ఆకులో లాబ్ వన్ దాదాపు మూసే ఉంటుంది. చెట్టు దాన్ని మూసి ఉంచింది. గజ్జి బాక్టీరియా వచ్చి దాన్ని తెరుస్తుంది. కణాలు ఉబ్బుతాయి. పక్క కణాల మీద ఒత్తిడి పెడతాయి. పైతోలు పగులుతుంది. లోపల లక్షల్లో పెరిగిన బాక్టీరియాకు బయటికి దారి దొరుకుతుంది. వాన చుక్క పడగానే ఆ పగులులోంచి నీళ్లలోకి వచ్చేస్తుంది. దానికి కావాల్సింది ఈ దారే.

మరి ఆ దొంగతాళంచెవి ఏది? అది ఒక ప్రొటీను. దాన్ని తయారుచేసే బాక్టీరియా జన్యువు పేరు పీటీహెచ్ఏ ఫోర్. బాక్టీరియా ఆకులోకి దూరాక కణాల మధ్య చేరుతుంది. జిగురు విడుదల చేసి ఆ జిగురులో గుంపుగా ఉంటుంది. ఆ జిగురు పేరు జాంథన్. ఈ బాక్టీరియాకు చుట్టమైన ఇంకో బాక్టీరియా నుంచి తీసిన జాంథన్ గమ్మునే ఐస్‌క్రీముల్లో, సాస్‌లలో చిక్కదనానికి వాడతారు. జిగురులో కుదురుకున్నాక బాక్టీరియా సన్నని సూదిలాంటి గొట్టాన్ని కణంలోకి దింపుతుంది. ఆ గొట్టం గుండా తన ప్రొటీన్లు పంపుతుంది. వాటిలో కొన్ని చెట్టు ఎదురుతిరగకుండా చూసుకుంటాయి. ఒకటి మాత్రం నేరుగా కణం నడిబొడ్డున ఉన్న కేంద్రకంలోకి పోతుంది. అక్కడ డీఎన్ఏ వెంట వెతుక్కుంటూ పోయి లాబ్ వన్ తాళం దగ్గర ఆగుతుంది. అదే మన దొంగతాళంచెవి.

ఈ తాళంచెవికి పళ్లు ఉన్నాయి. ఆ ప్రొటీను నడిమి భాగంలో ఒకే రకం ముక్క మళ్లీ మళ్లీ వస్తుంది. ఒక్కో ముక్కలో సాధారణంగా 34 అమైనో ఆమ్లాలు. ముక్కలన్నీ దాదాపు ఒకే మాదిరి. పన్నెండో చోట, పదమూడో చోట మాత్రం తేడాలుంటాయి. ఆ తేడానే పన్ను. ఒక్కో పన్ను డీఎన్ఏలో ఒక్కో అక్షరాన్ని పట్టుకుంటుంది. పీటీహెచ్ఏ ఫోర్‌కు అట్లాంటి ముక్కలు పదిహేడున్నర. చివరిది సగం ముక్క. ఏ పన్ను ఏ అక్షరాన్ని పడుతుందో 2009లో తేలింది. జర్మనీలో హాలే నగరంలో ఒక బృందం, అమెరికాలో అయోవాలో ఒక బృందం, రెండూ ఒకే సమయంలో ఆ లెక్క విప్పాయి.

ఇది ఊహ కాదు. అంచెలంచెలుగా రుజువు చేసిన సంగతి. 1991లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో సంజయ్ స్వరూప్, డీన్ గేబ్రియల్, వారి సహచరులు ఈ తాళంచెవి జన్యువును పట్టుకున్నారు. నిమ్మజాతి మీదే బతికే ఇంకో బాక్టీరియా ఉంది. అది మచ్చ వేస్తుంది గానీ బొడిపె లేపలేదు. దానికి ఈ ఒక్క జన్యువు ఇచ్చారు. అంతే, బొడిపె లేచింది. 2002లో బ్రెజిల్ శాస్త్రవేత్తలు గజ్జి బాక్టీరియా జన్యుపటం మొత్తం చదివారు. 2014లో అసలు తాళం ఏదో తేలింది. పీటీహెచ్ఏ ఫోర్ చెడగొట్టిన బాక్టీరియాను ఆకులోకి ఎక్కించారు. బొడిపె రాలేదు. తర్వాత లాబ్ వన్‌ను తెరిచే తాళంచెవిని ప్రయోగశాలలోనే తయారుచేసి ఆ బాక్టీరియాకు ఇచ్చారు. బొడిపె మళ్లీ వచ్చింది. తాళంచెవి ఎవరు చేశారన్నది లెక్కలో లేదు. తలుపు తెరుచుకుందా లేదా, అదే లెక్క.

ఇప్పుడు తోటలోకి వద్దాం. మీరు కొట్టే రాగి మందు ఎక్కడ పనిచేస్తుంది? ఆకు పైన. రాగి ఆకు లోపలికి పోయి కణంలో చేరదు. ఆకు మీద పొరలా ఉంటుంది. ఆ పొర మీద వాలిన బాక్టీరియాను చంపుతుంది. లోపలికి పోయిన దాన్ని ఏమీ చేయలేదు. ఒకసారి తూము ఎత్తాక గట్టు మీద ఎంతమంది కాపలా ఉన్నా మడిలో నీళ్లు వెనక్కి పోవు. బొడిపె లేచిందంటే లోపల తలుపు తెరుచుకుని చాలా రోజులైనట్టు. అప్పుడు కొట్టిన మందు ఆ బొడిపెను కరిగించదు. పక్కన వచ్చే కొత్త చిగురుకు మాత్రం రక్షణ ఇవ్వగలదు. కాబట్టి మరోసారి చెబుతాను. గజ్జి చూసి మందు కొట్టకండి. చిగురు చూసి కొట్టండి.

చిగురే ఎందుకు? ఆకు మీద శ్వాస రంధ్రాలుంటాయి. బాక్టీరియాకు అవే వాకిళ్లు. ఆకు సగం సైజు నుంచి ముప్పాతిక సైజు దాకా పెరిగే రోజుల్లో గజ్జి సులువుగా పడుతుంది. ఆకు ముదిరి, తోలు గట్టిపడ్డాక గాయం లేనిదే లోపలికి దూరడం కష్టం. కాయకూ అంతే. పిందె కట్టిన మొదటి మూడు నెలలు దాదాపు ప్రమాద కాలం. తర్వాత వచ్చిన గజ్జి చిన్న చుక్కగా మిగులుతుంది. పెద్ద గజ్జి మచ్చలున్న కాయ చూశారంటే అది పిందెగా ఉన్నప్పుడే దెబ్బ తిన్నదని అర్థం. కోతకు ముందు వారం మందు కొట్టి ఆ మచ్చ పోగొట్టలేం.

ఇక మన తీరం సంగతి. ఏటా ఈశాన్య రుతుపవనాలు వస్తాయి. మన వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకే. బంగాళాఖాతంలో అల్పపీడనం అంటే చాలు, గూడూరు నుంచి కావలి దాకా గాలీ వానా కలిసి కొడతాయి. 2021 నవంబరు వరదలు మీకు గుర్తే. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపానూ గుర్తే. ఉత్త వాన అయితే బాక్టీరియా కింది ఆకుల మీదికి కారుతుంది. గాలి తోడైతే దూరం పోతుంది. గాలి సెకనుకు 8 మీటర్లు, అంటే గంటకు సుమారు 29 కిలోమీటర్ల వేగం దాటిందంటే వాన నీళ్లు శ్వాస రంధ్రాల్లోకి నెట్టుకుపోతాయి. గజ్జి ఉన్న ఆకుల మీదుగా జారిన వాన నీటిలో ఒక్క మిల్లీలీటరుకు లక్ష నుంచి పది లక్షల దాకా బాక్టీరియా లెక్కపెట్టారు. అట్లాంటి నీళ్లు లేత చిగురు మీద కొట్టుకుంటే ఏమవుతుందో మీరే ఆలోచించండి.

అమెరికాలో ఫ్లోరిడా కూడా మనలాగే తుపాను తీరం. 1995లో మయామీ దగ్గర గజ్జి కనబడింది. దాన్ని తుడిచిపెట్టాలని పూనుకున్నారు. గజ్జి చెట్టు చుట్టూ 1,900 అడుగుల లోపల ఉన్న నిమ్మజాతి చెట్లన్నీ నరికేయాలని చట్టం చేశారు. కోటికి పైగా చెట్లు పోయాయి. జనం పెరటి చెట్లు కూడా పోయాయి. చివరికి 2004, 2005 తుపానులు వచ్చి గజ్జిని రాష్ట్రమంతా చల్లేశాయి. 2006 జనవరిలో ఆ కార్యక్రమం ఆపేశారు. ఇక మనకు తుడిచిపెట్టే ప్రశ్నే లేదు. గజ్జి మన దేశంలో పాతకాపు. లండన్‌లో క్యూ తోటల ఎండుమొక్కల భండారంలో 1827-31 మధ్య మన దేశంలో సేకరించిన దబ్బ కొమ్మలు ఉన్నాయి. ఆ ఆకుల మీద కూడా గజ్జి మచ్చలున్నాయి. దానితో కలిసి బతుకుతూ కాయను కాపాడుకోవడమే మన పని.

గాలిని పూర్తిగా ఆపలేం. దాని జోరు విరిచే చెట్ల వరస మాత్రం వేయగలం. మన తీరంలో సరుగుడు ఇసుక నేలల్లో బ్రహ్మాండంగా వస్తుంది. తోటకు గాలి వచ్చే వైపు సరుగుడు వరసలు వేసుకోండి. అవిశ కూడా పనికొస్తుంది. గాలి వేగం తగ్గితే వాన నీళ్లు శ్వాస రంధ్రాల్లోకి దూరే జోరు తగ్గుతుంది. కొమ్మలు ఒకదానికొకటి రాసుకుని ముళ్ల గాయాలు పడటమూ తగ్గుతుంది. అర్జెంటీనాలో, బ్రెజిల్‌లో గజ్జిని అదుపు చేసే పద్ధతుల్లో గాలిని విరిచే చెట్లకు ముఖ్యమైన చోటుంది. మందు ఖర్చు ఏటేటా ఉంటుంది. సరుగుడు వరస ఒకసారి వేస్తే ఏళ్ల తరబడి కాపలా కాస్తుంది. పైగా కర్రకు మన దగ్గర ఎప్పుడూ గిరాకీ ఉంది.

ఇంకో దొంగదారి ఉంది. ఆకు తొలుచు పురుగు. లేత ఆకు మీద వెండి గీతలు వంకరటింకరగా పాకి ఉంటాయి కదా, అది దీని పనే. ఆ ఆకును దగ్గరగా చూడండి. గీత వెంటే వరసగా గజ్జి బొడిపెలు లేచి ఉంటాయి. పురుగు గజ్జిని మోసుకురాలేదు. తోలు చీల్చి వాకిలి తెరిచి పెట్టింది, అంతే. ఆ వాకిట్లోంచి బాక్టీరియా దూరింది. అందుకే చిగురు సమయంలో పురుగు మందు కూడా ముఖ్యం. దాన్ని వేరే విషయంగా చూడకండి.

యూరియా గురించి ఒక మాట. చెట్టు బలంగా ఉంటే గజ్జి రాదని చాలామంది నమ్ముతారు. కానీ గజ్జికి కావాల్సింది లేత కణజాలం. నత్రజని ఎక్కువైతే చిగురు మీద చిగురు వస్తుంది. వానాకాలంలో వచ్చే ఆ చిగురంతా బాక్టీరియాకు ఆహ్వానమే. సిఫార్సు చేసిన మోతాదు దాటకండి. చిగురు ఒకేసారి వచ్చేలా చూసుకుంటే కాపలా సులువు. ఎప్పుడూ ఏదో ఒక కొమ్మ చిగురేస్తుంటే మందు ఎన్నిసార్లని కొడతారు?

ఇప్పుడు మందుల దగ్గరికి వస్తాను. వానలు మొదలుకాకముందే, ఎండ పొద్దులో గజ్జి రెమ్మలు కత్తిరించండి. తడి మీద కత్తిరించకండి. కత్తిరించినవి తోటలో వదలకుండా కాల్చేయండి. బాక్టీరియా ఉత్త మట్టిలో ఎక్కువ కాలం బతకదు. కొమ్మ మీద గజ్జిలో మాత్రం చాలాకాలం దాగి ఉంటుంది. కోసిన చోట బోర్డో పేస్టు పూయండి. చిగురు వచ్చాక, ఆకు సగం సైజు ఉన్నప్పుడే రాగి మందు కొట్టండి. లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ చాలు. ఒక శాతం బోర్డో మిశ్రమమైనా మంచిదే. 100 లీటర్ల నీటికి ఒక కిలో మైలుతుత్తం, ఒక కిలో సున్నం. సుమారు 20 రోజులకు మళ్లీ కొట్టండి. ఎందుకంటే ఆకు ఈ లోపల పెరుగుతుంది. కొత్తగా పెరిగిన చోట రాగి పొర ఉండదు. ఆకు అడుగు భాగం తడిసేలా కొట్టండి. పైపైన కొట్టి పోతే లాభం లేదు.

స్ట్రెప్టోసైక్లిన్ సంగతి అడుగుతారు. పది లీటర్ల నీటికి ఒక గ్రాము చొప్పున రాగి మందులో కలపడం చాలాకాలంగా ఉన్న సిఫార్సే. కానీ అందులో ఉన్న స్ట్రెప్టోమైసిన్ మనుషులకు క్షయ వ్యాధిలో వాడే మందు. 2021 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం పంటల మీద స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ వాడకాన్ని నిలిపివేయాలని ముసాయిదా ఉత్తర్వు ఇచ్చింది. కాబట్టి కొనే ముందు ఇప్పుడు అమల్లో ఉన్న నిబంధన ఏమిటో మీ ఉద్యాన అధికారిని అడగండి. మందును బాక్టీరియా తట్టుకోవడంలో కూడా జన్యువుల సంగతే ఉంది. బాక్టీరియాకు అసలు క్రోమోజోము కాకుండా చిన్న చిన్న డీఎన్ఏ ఉంగరాలు ఉంటాయి. వాటిని ప్లాస్మిడ్లు అంటారు. బాక్టీరియా వాటిని ఒకదానికొకటి ఇచ్చిపుచ్చుకోగలదు. మన దొంగతాళంచెవి జన్యువు ఉండేది ప్లాస్మిడ్ మీదే. అర్జెంటీనాలో రాగిని తట్టుకునే గజ్జి బాక్టీరియా దొరికింది. ఆ శక్తిని ఇచ్చే జన్యువులు కూడా ప్లాస్మిడ్ మీదే ఉన్నాయి. అవసరం లేకుండా వారం వారం రాగి కొడితే మనమే దాన్ని రాటుదేలుస్తాం. చిగురు లేని చెట్టుకు, ముదిరిన ఆకుకు ఊరికే కొట్టకండి అని నేను పదేపదే చెప్పేది ఇందుకే.

మరి తాళమే మార్చేస్తే పోదా? ఇది మీలో కొందరికి ఇప్పటికే తట్టి ఉంటుంది. వరిలో ఆ పని మన తెలుగు నేల మీదే జరిగింది. వరికి బాక్టీరియా ఎండాకు తెగులు వస్తుంది. ఆ తెగులు తెచ్చే బాక్టీరియా గజ్జి బాక్టీరియాకు దాయాదే. అది కూడా ఇట్లాంటి తాళంచెవులతోనే వరి జన్యువులను తెరుస్తుంది. బాపట్లలో పుట్టిన సాంబ మసూరికి ఆ తెగులు పెద్ద బెడద. హైదరాబాదులోని సీసీఎంబీ, వరి పరిశోధన సంచాలనాలయం కలిసి సాంబ మసూరిలోకి సంకరం ద్వారా మూడు నిరోధక జన్యువులు తెచ్చాయి. వాటిలో ఒకదాని సంగతి మనకు ముఖ్యం. అందులో తాళం కొంచెం మారిపోయి ఉంటుంది. బాక్టీరియా తాళంచెవి వస్తుంది, పళ్లు పట్టవు. తలుపు తెరుచుకోదు. అట్లా తయారైన ఇంప్రూవ్డ్ సాంబ మసూరి 2008లో రైతులకు వచ్చింది. దాని వెనుక ఏళ్ల కష్టం ఉంది. తెలుగువాళ్లంగా గర్వపడాల్సిన పని అది.

నిమ్మలో అది అంత సులువు కాదు. వరి నాలుగు నెలల పైరు. నిమ్మ ఏళ్ల చెట్టు. ఇంకో చిక్కు విత్తనంలోనే ఉంది. నిమ్మ గింజ నాటితే ఒకటి కంటే ఎక్కువ మొలకలు రావడం మీరు చూసే ఉంటారు. వాటిలో ఎక్కువ భాగం తల్లి చెట్టు కణజాలం నుంచే నేరుగా పుట్టినవి. తండ్రి వాటా ఉండదు. అంటే తల్లికి నకళ్లు. రైతుకు ఇది మంచిదే. గింజ నాటినా తల్లి లాంటి కాయే కాస్తుంది. కానీ గజ్జి బాక్టీరియాకు కూడా ఇది మంచిదే. తోటలో అన్ని చెట్లకూ ఒకే తాళం. ఒక చెట్టులో పట్టిన తాళంచెవి అన్నిటికీ పడుతుంది.

ఫ్లోరిడాలో, చైనాలో 2017లో జన్యు సవరణతో లాబ్ వన్ తాళాన్ని, ఆ జన్యువును మార్చి చూశారు. గ్రేప్‌ఫ్రూట్‌లో, బత్తాయి జాతిలో గజ్జి బాగా తగ్గింది. మన దేశంలో కూడా జన్యు సవరణ వరి రకాలను 2025 మే నెలలో ప్రకటించారు. వాటిలో ఒకటి హైదరాబాదు వరి పరిశోధన సంస్థ సాంబ మసూరి నుంచి చేసిందే. నిమ్మలో మాత్రం మన రైతుకు అట్లాంటి మొక్క ఇంకా రాలేదు. ఎవరైనా నర్సరీలో గజ్జి అసలు రాని జన్యుమార్పు మొక్క అని అమ్మితే నమ్మకండి. రేపు వచ్చినా ఒక జాగ్రత్త ఉంది. బాక్టీరియా దగ్గర ఇట్లాంటి తాళంచెవులు ఒకటి కాదు, బ్రెజిల్ వాళ్లు చదివిన జన్యుపటంలోనే నాలుగున్నాయి. అవి ఒకదానితో ఒకటి ముక్కలు మార్చుకోగలవు. కొత్త పళ్లతో కొత్త తాళంచెవి పుట్టవచ్చు. కాబట్టి ఏ రకం వచ్చినా చిగురు దగ్గర కాపలా ఉండాల్సిందే.

ప్రస్తుతానికి మన చేతిలో ఉన్నవి ఎంపిక రకాలు. తిరుపతి పరిశోధన స్థానం ఎంపిక చేసిన బాలాజీ రకం గజ్జిని కొంత తట్టుకుంటుంది. తట్టుకుంటుంది అన్నాను, అసలు రాదు అనలేదు. వెంకటగిరి దగ్గర పెట్లూరు పరిశోధన స్థానం నుంచి వచ్చిన పెట్లూరు సెలక్షన్ వన్ కూడా ఉంది. కొత్తగా తోట వేసేవాళ్లు మొక్క కొనే రోజు తొందరపడకండి. ప్రతి మొక్క ఆకులూ తిరగేసి చూడండి. ముళ్ల మొదట్లో చూడండి. ఒక్క బొడిపె కనబడినా ఆ మొక్కను తీసుకోకండి. ఎంత తక్కువ ధరకు ఇచ్చినా వద్దనండి. ఆ ఒక్క మొక్కే వచ్చే నవంబరు గాలివానకు తోటంతా పంచుతుంది.

మీ తోటలో గజ్జి ఎక్కువగా ఉంటే మచ్చలున్న రెమ్మ ఒకటి కత్తిరించి, సంచిలో పెట్టి మూతి కట్టి పెట్లూరుకు గానీ, మీ మండలం ఉద్యాన అధికారి దగ్గరికి గానీ తీసుకెళ్లండి. మీరు చివరిసారి ఎప్పుడు మందు కొట్టారో, అప్పుడు చెట్టు చిగురు మీద ఉందో లేదో కూడా వాళ్లకు చెప్పండి. వాళ్లు మొదట అడిగేది అదే.